మొర్రిపల్లె బావి మెట్లు

కరీంనగరం పోతున్నానని చెప్పగానే మా పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ లెక్కలో బెజవాడ దాటితే పరదేశమే. "అక్కడ అన్నం దొరుకుతుందటే?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా రెండు సీసాల గోంగూర పచ్చడి, ఒక డబ్బా కందిపొడి కట్టింది. నేను నర్సు పని నేర్చుకుని అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో పెళ్ళి సంబంధాల పోరు పడలేక, ఎంత దూరమైనా సరే పంపించమని దరఖాస్తు పెట్టుకుంటే, ఆ దూరం నిజంగానే దొరికింది. గోదావరి అవతల పల్లెల్లో నారికురుపు జోరుగా ఉందట. దిగుడు బావుల మెట్లు మూయించి, గిలకలు పెట్టించే పనికి వెళ్ళే జీపులో ఒక నర్సు కావాలట.

నారికురుపు అంటే తెలియని అదృష్టవంతులకు రెండు మాటలు చెప్పాలి. కాలి మీద బొబ్బ లేచి పగులుతుంది. అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు, ఒక్కోసారి రెండు మూరలు. మంటకి ఓర్చుకోలేక మనిషి వెళ్ళి చల్లటి నీళ్ళలో కాలు పెడతాడు. పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలో వదిలేస్తుంది. ఆ నీళ్ళే ఊరంతా తాగుతారు. నేను దీన్ని పుస్తకంలో చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మనిషి కాలికి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

వెళ్ళొచ్చి ఆరేళ్ళు దాటింది. ఇప్పటికీ ఎండాకాలం రాగానే ఆ దారి దుమ్ము వాసన ముక్కుకి తగిలినట్టుంటుంది. ఎవరైనా అటు వెళ్తారేమో, వెళ్ళకపోయినా చదువుకుంటారు కదా అని రాస్తున్నాను.

కరీంనగరం

బస్సు దిగగానే కాఫీ అడిగాను. హోటలతను నన్ను జాలిగా చూసి చాయ్ తెచ్చిపెట్టాడు. అణా. పాత అణాలూ కొత్త నయాపైసలూ రెండూ నడుస్తున్న రోజులు. చిల్లర కోసం అతనూ నేనూ చెరో లెక్క చెప్పుకుని చివరికి ఇద్దరం నవ్వేశాం. చాయ్ బాగుంది గాని, ఆ సంగతి అప్పుడు ఒప్పుకోవడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

నాతో రావలసిన పెద్ద నర్సు రూతమ్మ అక్కడే కలిసింది. నలభై అయిదేళ్ళ మనిషి, మిషను క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ. నుదుట బొట్టు లేకపోయినా పల్లెల్లో ప్రతి అరుగు మీదా ఆమెకి చోటుంటుందని తర్వాత తెలిసింది. నా మాట రెండు నిమిషాలు విని, "నువ్వు మాట్లాడుతుంటె ఎవరో బుక్కు సదువుతున్నట్టున్నది బిడ్డా. పల్లెల జర మెల్లగ మాట్లాడు, వాళ్ళు భయపడుతరు," అంది. నాకు కోపమొచ్చింది. ఆ మాట నేను పట్టించుకుని ఉంటే ఈ యాత్ర వేరుగా ఉండేది.

జీపు నడిపేవాడు ఖాసిం. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

జగిత్యాల

నీళ్ళు వడగట్టే బట్ట కొనడానికి ఇక్కడ ఆగాం. ఒక సాలె నేత పనివాడి ఇల్లు. పేరు నర్సయ్య. గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తూ, ఆపకుండానే అడిగాడు.

"చీరలకా, ధోతులకా అమ్మా?"

"కుండ మూతికి కట్టడానికి. నీళ్ళు వడపొయ్యాలి."

అతను మగ్గం ఆపేశాడు. "నా ఉమర్ల మనుషులకే బట్ట నేసిన. కుండలకు నేసుడు గిదే మొదలు," అని ఇంట్లోకి కేక వేసి భార్యకి కూడా చెప్పి నవ్వించాడు. కాని ఎందుకో చెప్పాక నవ్వు తగ్గింది. మేం ఎంచిన తాను పక్కన పెట్టి, తనే లోపలికి వెళ్ళి ఇంకా ఒత్తుగా నేసిన తాను తెచ్చాడు. "గంజి పెట్టిన నూలు గిది. రెండు మార్లు ఉడకబెట్టుండ్రి. గంజి పోకుంటె నీళ్ళు దిగయి, ఆడోళ్ళు ఇసుక్కొని పారేస్తరు," అన్నాడు. మా ఆఫీసు కాగితాల్లో ఎక్కడా ఈ ముక్క లేదు. ఆ ఒక్క మాట లేకపోతే మా తానులన్నీ పొయ్యి దగ్గర మసిగుడ్డలై ఉండేవి.

గోదావరి

రాజమండ్రి గోదావరిని చూసిన కళ్ళతో ధర్మపురి దగ్గర గోదావరిని చూస్తే నవ్వొచ్చింది. ఎండాకాలం కదా, నాలుగు పాయలై ఇసుకలో పాకుతోంది. దాన్ని మోకాలి లోతులో, చెప్పులు చేత్తో పట్టుకుని దాటాను. నడి ఇసుకలో జీపు దిగబడింది. "ఫికర్ చెయ్యకుండ్రి సిస్టర్, గోదారమ్మ మింగది, జర నాకుతది అంతే," అన్నాడు ఖాసిం. రెండు గంటలు నాకింది.

ఏటి ఇసుకలో కర్బూజ తోటలు వేసుకున్న మనుషులు వచ్చి నెట్టారు. ఒక ముసలాయన రెండణాలకి తలకాయంత కాయ ఇచ్చి, మళ్ళీ పిలిచి ఇంకోటి ఊరికే ఇచ్చాడు. ఇసుకలో కూర్చుని వేళ్ళతో తవ్వుకు తిన్నాం. అంత తియ్యటి కర్బూజ మళ్ళీ తినలేదు. పండు గొప్పతనమో, ఆ వయసు గొప్పతనమో నాకిప్పటికీ తేలలేదు.

మొర్రిపల్లె

లక్సెట్టిపేట దాటి, జన్నారం వైపు అడవి మొదలయ్యేచోట ఉంది ఊరు. పేరు మార్చి రాస్తున్నాను. నలభై గడపలు. ఊరందరికీ ఒకటే బావి, రాతి మెట్ల దిగుడు బావి. ఆడవాళ్ళు బిందెలతో మెట్లు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ముంచుకుంటున్నారు. ఎండకి నీళ్ళు అడుక్కి పోయి ఆకుపచ్చగా ఉన్నాయి.

మాకు బడికొట్టంలో బస. అన్నం ఊరివాళ్ళే పెట్టారు. మావైపు రెండు పూటలా వరి అన్నం లేకపోతే ఆ రోజు భోజనం చేసినట్టు కాదు. ఇక్కడ వరి పండగనాటి మాట. మక్కగట్క అనే మొక్కజొన్న సంకటి, పచ్చిపులుసు, ఎప్పుడైనా చింతచిగురు. మొదటి ముద్ద గొంతు దిగలేదు. మూడో రోజుకి రెండోసారి పెట్టించుకున్నాను. మా పెద్దమ్మ పచ్చడి సీసా తీస్తే, ఎదురింటి ఆమె నాకి చూసి, "గిది పుంటికూరేనాయె! గింత దూరం మోసుకొచ్చినవా తల్లీ," అని ముక్కున వేలేసుకుంది. మా గోంగూరే వాళ్ళ పుంటికూర.

రూతమ్మ వెళ్ళిన ప్రతి ఇంట్లో ముందు బర్రె పాలిస్తోందా అని అడిగేది, తర్వాత పిల్లల కళ్ళు చూసేది, ఆ తర్వాతే కాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అసలు పని వదిలేసి ఈ బర్రెల గోల ఏమిటి?

మల్లవ్వ ఇంట్లో ఆమె కోడలు పోశవ్వ బాలింత. పధ్నాలుగు రోజుల ఆడపిల్ల. కొడుకు బెల్లంపల్లి బొగ్గుగనిలో పని, నెలకోసారి వస్తాడు. పోశవ్వకి పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఎడమ చీలమండ దగ్గర పుండు, అందులో తెల్లటి దారం కొస. పుస్తకంలో చూసిన బొమ్మే, కాని బొమ్మ నొప్పితో పళ్ళు బిగించదు. రూతమ్మ చీపురుపుల్ల తెప్పించి, దారం కొసని దానికి చుట్టి, మూడంగుళాలు లాగి, తడిగుడ్డతో కట్టింది. రోజుకి అంతే లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు పోతుంది.

"ఇరవయ్యొక్క దినాలకు లేస్తదా అమ్మా?" అని మల్లవ్వ అడిగింది. ఎందుకంటే ఆ ఊళ్ళో ఇరవయ్యొకటో నాడు బాలింత బావి మొక్కు తీర్చుకోవాలి. పసుపు కుంకుమ పట్టుకుని తానే మెట్లు దిగాలి. కాళ్ళు నీళ్ళలో తడవాలి. తన చేత్తో కడవ ముంచుకుని ఇంటికి తేవాలి. అది జరిగే దాకా ఇంట్లో నీళ్ళకుండ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు. కాళ్ళు తడవకపోతే తల్లి పాలు ఎండిపోతాయని నమ్మకం. మావైపు కూడా పురిటి తర్వాత నూతి దగ్గర పూజ ఉంది గాని, గట్టు మీదనే.

ఇంకో వారంలో ఈ పిల్ల ఈ కాలితో బావిలో దిగుతుందన్నమాట.

నా ఉపన్యాసం

ఆ సాయంత్రం పటేలు ఇంటి ముందు ఊరిని కూర్చోబెట్టారు. నేను బావి నీళ్ళు గాజు గ్లాసులో పోసి, భూతద్దం ఇచ్చి, కదిలే పురుగుల్ని చూపించాను. అందరూ ఒకరి మీద ఒకరు పడి చూశారు. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు పటేలు, "మెట్లు మూసుడు ఎందుకమ్మా? మా తాతలకెల్లి గట్లనే తాగుతున్నం," అన్నాడు.

నేను లేచి నిలబడి, చెయ్యెత్తి మల్లవ్వ ఇంటి వైపు చూపించాను. "అదిగో, ఆ ఇంట్లో బాలింత కాలికి నారు ఉంది. ఆమె ఆ కాలు మీ బావిలో పెట్టిందంటే ఊరందరికీ వస్తుంది!"

రూతమ్మ నా చీర కొంగు పట్టి లాగింది. నాకప్పుడు అర్థం కాలేదు. జనం ఒక్కొక్కరే లేచి ఇళ్ళకి పోయారు. నా మాట బాగా పనిచేసిందనుకుని, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

పొద్దున్నే కట్టు కట్టడానికి వెళ్తే పోశవ్వ ఇంట్లో లేదు. గొడ్లకొట్టంలో గడ్డి మీద గోనెపట్టా పరిచి, పిల్లతో కూర్చోబెట్టారు. చాకలామె బట్టలు తీసుకోనందట. పక్కింటివాళ్ళు తమ లేగదూడని కూడా అటు తోలడం లేదు. మల్లవ్వ దూరంగా నిలబడి చెంబు ఎత్తిపట్టి, కోడలి దోసిట్లోకి నీళ్ళు పోస్తోంది, తాకకుండా. బావి మొక్కు లేదు, నడవగలిగిన నాడు తల్లిగారింటికి పంపెయ్యాలని ఊరు తేల్చేసింది.

పోశవ్వ నన్ను తిట్టలేదు. పిల్లకి పాలిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, నువ్వు రాకముందు గీ ఊళ్ళె అందరికి నారు లేస్తుండె. నువ్వు చెప్పినంక నాకొక్కదానికే లేసింది."

ఆ మాట ఈ రోజుకీ నాకు చెవిలో వినబడుతుంది. బడికొట్టం వెనక్కి పోయి ఏడ్చాను. తిరిగి మా ఊరికి పోతానని రూతమ్మతో అన్నాను. ఆమె ఓదారుస్తుందనుకున్నాను.

"పోతె పో. బస్సు లక్సెట్టిపేటల దొరుకుతది," అంది. "గని నువ్వు సగమే చెప్పినవ్ బిడ్డా. మిగిలిన సగం ఎవరు చెప్పాలె? నేను చెప్తె ఇనరు. అన్నది నువ్వు. చెప్పాల్సింది సుత నువ్వే."

మిగిలిన సగం

మర్నాడు మళ్ళీ అందరినీ పిలిపించాం. సగం మందే వచ్చారు. మల్లవ్వ వచ్చింది గాని మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది. ఈసారి నేను నిలబడలేదు. నేల మీద కూర్చున్నాను.

"మొన్న నేను తప్పు చెప్పాను. నారు లోపల పడ్డ రోజు బయటికి రాదు. ఒంట్లో ఏడాది పెరుగుతుంది. పోశవ్వకి ఈ ఏడు లేచిందంటే, నిరుడు ఎండాకాలం ఈ బావి నీళ్ళతో పాటు మింగింది. అంటే నిరుడు ఎవరిదో కాలు అందులో దిగింది. పోశవ్వ ఎవరికీ పెట్టలేదు. పురుడొచ్చిన నాటినుంచి బావి మెట్టు తొక్కలేదు. ఆమెకే ఎవరో పెట్టారు."

మగవాళ్ళు కొందరు ధోతులు కిందికి లాక్కున్నారు. నేను అడగలేదు. అడగకూడదని అప్పటికి బుద్ధొచ్చింది.

మల్లవ్వ వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంటోంది. ఉగాది, శ్రీరామనవమి, ఇప్పపువ్వు ఏరిన రోజులు. తర్వాత మెల్లగా లేచింది. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కుడికాలు ముందుకి పెట్టింది. మడమ పైన నాలుగు మచ్చలు, రూపాయి బిళ్ళలంత, తెల్లగా మెరుస్తూ. చివరిది ఇంకా ఎర్రగా ఉంది.

"నిరుడు నాకు లేసింది," అంది. "మంటకు ఆగలేక దినాం బాయిల కాలు పెట్టి కూసునేదాన్ని. గా నీళ్ళే కడవకు ముంచి తెచ్చిన. కోడలు తాగింది. గిది నేను పెట్టిందే. నా చేతులతోని పెట్టిన."

అప్పుడు ఒక ముసలాయన ధోతి పైకెత్తి, "నాకు సుత లేసింది మల్లక్కా, నేను సుత దిగిన," అన్నాడు. చాకలామె తన మోకాలు చూపించింది. చివరికి పటేలు కూడా, ఎవరూ అడక్కుండానే, చెప్పు విడిచి కాలు ముందుకి జాపాడు. అంతమంది కాళ్ళు ఒక్కచోట, అన్నీ మచ్చలే. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మల్లవ్వ ఎవరి కోసం ఆగలేదు. తిన్నగా గొడ్లకొట్టానికి పోయి, మనవరాలిని ఒక చంకన ఎత్తుకుని, కోడలి భుజం ఇంకో చేత్తో పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

ఇరవయ్యొకటో నాడు

మెట్లు మూయడానికి ఊరు ఒప్పుకుంది. కాని మొక్కు? మల్లవ్వ పట్టు పట్టింది.

"కాళ్ళు తడవాలె. లేకుంటె పాలు ఎండుతయి."

పాలకీ బావికీ సంబంధం లేదని నేను నోరు తెరవబోయాను. రూతమ్మ గిల్లింది. ఈసారి గిల్లుడికి అర్థం తెలిసింది. నోరు మూసుకున్నాను.

మల్లవ్వే బావి చుట్టూ రెండుసార్లు తిరిగింది. "కాళ్ళు నీళ్ళల్లకు పోవాలెనని ఎవరన్నరు? నీళ్ళే కాళ్ళ కాడికి రావాలె. ఒడ్డుకు బండ వెయ్యుండ్రి. గా నీళ్ళు మళ్ళ బాయిలకు పోకుంట దూరంగ కాలువ తియ్యుండ్రి," అంది. మా ఇంజనీరు గీసిన పటంలో బండ లేదు, కాలువా లేదు. ఆ రెండూ లేకపోతే గిలక పెట్టీ లాభం లేదని ఆ క్షణాన తెలిసింది.

వడ్డెర మేస్త్రి, ఊరి మగవాళ్ళు నాలుగు రోజులు పనిచేశారు. రెండో మెట్టు నుంచి రాళ్ళు పేర్చి మూసేశారు. మద్దికర్రలు పాతి గిలక కట్టారు. ఖాసిం సున్నం తొక్కి కాళ్ళు పొక్కించుకుని, "నాకు సుత నారు లేసింది సిస్టర్," అని నన్ను హడలగొట్టాడు. అదే సమయంలో రూతమ్మ రోజుకింత దారం పుల్లకి చుడుతూ వచ్చింది. ఆరో రోజున చివరి కొస ఊడివచ్చింది. పోశవ్వ దాన్ని చూసి మొహం తిప్పుకుని, పొయ్యిలో వెయ్యమంది.

ఇరవయ్యొకటో నాడు పొద్దున పోశవ్వ కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. గిలకకి పసుపు రాసి కుంకుమ పెట్టింది. బావికి మొక్కింది. తాడు తానే లాగాలి, ఇంకొకరు లాగకూడదు. బాలింత చేతుల్లో బలమెంత? సగం దాకా వచ్చిన బొక్కెన రెండుసార్లు జారిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ముందుకి వంగి, చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మూడోసారి బొక్కెన ఒడ్డుకొచ్చింది. బండ మీద నిలబడి, కాళ్ళ మీద గుమ్మరించుకుంది. నీళ్ళు కాలువ వెంట పోయి ఎవరిదో బీరపాదుకి చేరాయి.

రెండో బొక్కెన కడవకి, నర్సయ్య బట్ట రెండు మడతలు వేసి వడపోసింది. అప్పుడు మల్లవ్వ జనంలోంచి ముందుకొచ్చి, కోడలి ముందు దోసిలి పట్టింది.

"పొయ్యి బిడ్డా. దూపయితుంది."

పోశవ్వ పోసింది. అత్తగారు ఊరందరి ముందూ కడుపు నిండా తాగింది. వారం కింద ఏ నోరు ఏమందో ఆ ఊళ్ళో ఇంక ఎవరూ ఎత్తలేదు.

ఉట్నూరు, నిర్మల్

అక్కడినుంచి అడవి దారిన ఉట్నూరు, ఆ తర్వాత నిర్మల్. ఇప్పపువ్వు వాసన జీపులో మా బట్టలకి పట్టేసింది. ఇంకా ఏడు ఊళ్ళు చూశాం. ఏ ఊళ్ళోనూ నేను వేలెత్తి చూపించలేదు. ముందు బర్రెల సంగతే అడిగాను. నిర్మల్లో తేలిక కర్రతో చేసిన బొమ్మ పళ్ళ బుట్ట కొన్నాను, రూపాయిన్నర. జామపండు నిజమనుకుని ఖాసిం కొరికాడు. దుకాణదారుడు ఆ పంటిగాటు చూసి దాని వెల మాత్రం వదిలేశాడు.

తెనాలి

తిరిగొచ్చాక రూతమ్మ ఏటా ఎండాకాలంలో ఒక ఉత్తరం రాస్తోంది. మొదటి ఏడు మొర్రిపల్లెలో ముగ్గురికి నారు లేచిందని రాసింది. అవి ముందే తాగిన నీళ్ళు. రెండో ఏడు ఒక్కరికీ లేదు. అప్పటినుంచీ లేదు. ఆ ఉత్తరాలు చదివినప్పుడల్లా ఊరికే తలుపు దగ్గర కాసేపు నిలబడతాను. ఆ మట్టి, ఆ గట్క, నన్ను తిట్టని ఆ పిల్ల, అందరూ గుర్తొస్తారు. మళ్ళీ ఒక్కసారి వెళ్ళాలని ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, కుదరలేదు.

మొన్న వచ్చిన ఉత్తరం మాత్రం పిల్లలకి కూడా చదివి వినిపించాను. పోశవ్వ కూతురికి ఇప్పుడు ఆరేళ్ళట. రూతమ్మ వెళ్ళేసరికి నాయనమ్మ ఒళ్ళో కూర్చుని, ఆమె కాలి మీద మచ్చలు ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంటూ, "గివేందే అవ్వా?" అని అడుగుతోందట. ఆ పిల్లకి తెలియదు. ఆ ఊళ్ళో ఆ ఈడు పిల్లలు ఎవరికీ తెలియదు.

మల్లవ్వ రూతమ్మ వంక ఒకసారి చూసి, "చిన్నప్పుడు తుమ్మముండ్లు కుచ్చుకున్నయి బిడ్డా," అని చెప్పిందట.